ఒకే రంగు లేజర్‌లో పోలరైజేషన్ పోగొట్టడం ఎలా?

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి మనలో చాలామందికి తెలుసు. అక్కడే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, అంటే ఎన్‌ఏఆర్‌ఎల్ ఉంది. 1998లో జపాన్ సహకారంతో అక్కడ లైడార్ పెట్టారు. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌ని ఆకాశంలోకి వదిలి, మేఘాల నుంచి తిరిగొచ్చే వెలుగుని కొలుస్తారు.

ఈ లేజర్ పోలరైజ్డ్. అంటే వెలుగు తరంగం ఒకే దిశలో ఊగుతుంది. గుండ్రటి నీటి బిందువుకి తగిలి నేరుగా వెనక్కొస్తే ఆ దిశ దాదాపు అలాగే ఉంటుంది. మంచు స్ఫటికాలకి తగిలితే చెదురుతుంది. అందుకే రిసీవర్‌లో రెండు డిటెక్టర్లు ఉంటాయి: ఒకటి అదే దిశకి, ఇంకోటి అడ్డదిశకి. రెండిటి నిష్పత్తి చూసి పైన ఉన్నది నీళ్లా, మంచా అని చెప్తారు.

మరి రెండు డిటెక్టర్లూ ఒకేలా పనిచేయకపోతే? నీటి మేఘాన్ని మంచు మేఘం అనుకునే ప్రమాదం ఉంది. ఇలాంటి పరికరాల్ని సరిచూసే ఒక పద్ధతి ఏంటంటే, ఏ దిశకీ మొగ్గులేని వెలుగుని లోపలికి పంపడం. రెండూ సమానంగా చూపించాలి. తేడా వస్తే లెక్కలో సరిచేస్తారు.

ఆ వెలుగు ఎలా తయారుచేయాలి? తెల్లటి వెలుగైతే ఈజీ. లియో డిపోలరైజర్ అని ఒకటుంది: రెండు స్ఫటిక పలకలు, ఒకదాని మందం ఇంకోదానికి రెట్టింపు. ఒక్కో రంగుని ఒక్కో రకంగా మారుస్తుంది, అన్నీ కలిస్తే మొగ్గు పోతుంది. లేజర్‌లో ఉన్నది ఒకే రంగు. కలపడానికి రెండో రంగే లేదు!

అందుకే క్వార్ట్జ్ ముక్కని ఒక అంచు మందంగా, ఇంకో అంచు పలచగా కోస్తారు. మందం మారేకొద్దీ పోలరైజేషన్ మారుతుంది. అలా కిరణంలో ఒక్కో చోట ఒక్కో రకం వస్తుంది. మొత్తం కిరణాన్ని ఒకే డిటెక్టర్ మీదికి చేరిస్తే సగటున మొగ్గు ఉండదు. రెండు షరతులున్నాయి. లేజర్ దిశ స్ఫటికం అక్షానికి 45 డిగ్రీల్లో ఉండాలి. కిరణం వెడల్పుగా ఉండాలి. సన్నటి కిరణమైతే దాదాపు ఒకే మందంలోంచి వెళ్లి, పోలరైజ్డ్‌గానే బయటికొస్తుంది. అందుకే ముందు లెన్సులతో వెడల్పు చేయాలి.

అసలు పాయింట్ ఇదే: ఒకే రంగు వెలుగులో ఏ బిందువు దగ్గర చూసినా పోలరైజేషన్ ఉంటుంది. దాన్ని చెరపలేం, రకరకాలుగా మార్చి కలపగలం. గాదంకి పైన మంచు మేఘం కూడా కొంతవరకు చేసేది అదే.

ఇంట్లో చూడాలంటే పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసెస్‌తో ఎల్‌సీడీ మానిటర్‌ని చూస్తూ తల పక్కకి వంచండి. ఏదో ఒక కోణంలో స్క్రీన్ నల్లబడుతుంది. ఇప్పుడు స్క్రీన్ మీద తెల్ల కాగితం పెట్టండి. ఎటు వంచినా వెలుగు కనిపిస్తుంది, కాస్త తగ్గుతుందంతే. కాగితం కూడా ఒక డిపోలరైజరే అన్నమాట! చేసి చూసి కామెంట్‌లో చెప్పండి.