సెప్టెంబరు 17 : నామభేదము - కారకవిచారము

ఒకే సంఘటనకుఁ బెక్కు పేరులు గలిగినపుడు అవి పర్యాయపదములా, భిన్నార్థకములా యని విచారింపవలసియుండును. 1948 సెప్టెంబరు 13వ తేదిని భారతసైన్యము హైదరాబాదు రాజ్యమునఁ బ్రవేశించెను. 17వ తేదిని నిజాము తన సేనలకుఁ బోరు విరమింప నానతిచ్చెను. మఱునాఁడు సేనాధిపతి ఎల్ ఎడ్రూసు మేజరు జనరలు చౌధురికి లొంగిపోయెను. ఇంతవఱకు వివాదము లేదు. నాఁడు నిజామేలుబడిలో నుండి నేఁడు రంగారెడ్డి జిల్లాలోనున్న మహేశ్వరము వంటి యూళ్ల పాఠశాలలలో ఆ దినము నే పేరఁ జెప్పవలెనన్నదియే వివాదము.

‘పోలీసుచర్య’ ప్రభుత్వ మిచ్చిన పేరు. పోలీసులయొక్క చర్య యని విగ్రహము. చేసినది సైన్యము గాన అర్థము కుదురదు. ఐనను ఆ పేరు నిష్ప్రయోజనము గాదు. యుద్ధము రెండు రాజ్యముల నడుమ జరుగును. పోలీసుపని స్వదేశమున జరుగును. తాము స్వతంత్రులమని నిజాము ప్రభుత్వము 1948 ఆగస్టులో భద్రతామండలికి ఫిర్యాదు చేసెను. దానికిఁ బ్రత్యుత్తర మీ సమాసముననే యిమిడియున్నది. 1947, 1948లలో ఇండొనీషియాపైఁ దాము నడపిన దండయాత్రలను డచ్చివారును పోలీసుచర్యలనియే పిలిచిరి. ఇండొనీషియనులు వానిని సైనికదురాక్రమణములందురు.

‘విలీనము’ విపూర్వకమైన లీఙ్ ధాతువునకు క్తప్రత్యయము చేరఁగా నిష్పన్నమైనది. ధాతు వకర్మకము గాన ప్రత్యయము కర్త్రర్థమున వచ్చినది. అనఁగాఁ గరఁగిన వస్తువే కర్త, కరఁగించినవాఁడు కానరాఁడు. ఉప్పు నీటఁ గరఁగినట్లు రాజ్యము తనంతఁ దానే కలిసెనని భావము. ఈ ధాతువునకే అచ్ప్రత్యయము చేరిన ‘విలయ’మై వినాశార్థము నిచ్చుట గమనింపఁదగినది.

‘విమోచనము’నందలి ముచ్ ధాతువు సకర్మకము. దానికి అపాదానముకూడ నపేక్షితము: ఎవరు, ఎవరిని, దేనినుండి విడిపించిరి? తగవంతయు నిచటనే. రజాకారులనుండి యని కొందఱు, నిజాము నిరంకుశత్వమునుండి యని కొందఱు, వెట్టినుండియు దేశముఖులనుండియు నని సాయుధపోరాటమువారు. ఈ కడపటివారి మతమున కర్తలు రైతులే. ఆ రైతులపైనే సైన్యము 1951 వఱకుఁ బోరెను. అపాదానస్థానమున నొక మతమునే నిలుపువారును గలరు. కాని భారతదేశమునఁ జేరుటను సమర్థించి 1948 ఆగస్టులో హత్యకు గుఱియైన పత్రికాసంపాదకుఁడు షోయబుల్లాఖాను ముస్లిమే యగుట ఆ యన్వయమునకు బాధకము.

హైదరాబాదు ముస్లిములలోఁ గొందఱు ‘సుకూత్’ అందురు, పతనమని యర్థము. వారి బాధకుఁ గారణము లేకపోలేదు. కేంద్రప్రభుత్వము పంపిన సుందరలాలు సంఘము, ఆ దినములలోను బిదపను కనీసము 27 వేలనుండి 40 వేల జనులు మరణించిరని యంచనా వేసెను. ఆ నివేదిక 2013లోఁగాని లోకమునకు లభింపలేదు. అట్లే 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో రజాకారులు చేసిన హత్యాకాండమును మఱవరానిది. ఒక పక్షపు మృతులను జెప్పి రెండవపక్షమువారిని విడుచుట చరిత్రకు న్యాయము గాదు.

2022లో కేంద్రము విమోచనదినమనియు, రాష్ట్రము జాతీయసమైక్యతాదినమనియు ఒకే దినము నుత్సవములు జరిపెను. 2024లో రాష్ట్రము దానినే ప్రజాపాలనదినమనెను. ఇది తెలుఁగువారికే కలిగిన చిక్కు గాదు. 1945 మే 8ని విమోచనదినమని జర్మనీ యధ్యక్షుఁడు వైత్సెకరు 1985లోఁ జెప్పెను. బాల్టిక్ దేశములకు నాఁటి సోవియట్ విజయము మఱియొక పరాధీనత.

కావున నీ పేరులలో నొకదానిని నిలిపి తక్కినవానిఁ గొట్టివేయుట పండితుల పని గాదు. ఏ పేరు వాడినను, దానిలోఁ గర్త యెవరో, కర్మ యెవరో, అపాదాన మేదో, అందుఁ జెప్పక విడువఁబడిన వారెవరో విద్యార్థిచే నడిగింపవలెను.