రాసింది ఇద్దరికీ, అమలైంది ఒకరికే

అమెరికా స్వాతంత్ర్య సమరం పాఠాన్ని మేము జార్జ్ వాషింగ్టన్ అధ్యక్షుడు కావడంతో ముగిస్తుంటాం. ఆ మరుసటి ఏడాది జరిగిన ఒక ఒప్పందం గురించి కూడా పిల్లలకు చెప్పాలన్నది మా ఉద్దేశం.

నేటి జార్జియా, అలబామా రాష్ట్రాల్లో నదుల వెంట క్రీకులనే మూలవాసులు ఉండేవారు. వాళ్లు తమను మస్కోగీలని చెప్పుకుంటారు. స్వాతంత్ర్యం వచ్చాక జార్జియావారు కొద్దిమంది క్రీకు పెద్దలతో సంతకాలు పెట్టించుకుని ఒకోనీ నది దాకా భూమి తమదే అన్నారు. మిగతా పెద్దలు ఒప్పుకోలేదు. దాడులు, ప్రతిదాడుల్లో ఇరువైపులా ప్రాణాలు పోయాయి.

క్రీకుల నాయకుడు అలెగ్జాండర్ మెక్‌గిలివ్రే. తండ్రి స్కాట్లండ్ వ్యాపారి, తల్లి క్రీకు. వారిలో వంశం తల్లి వైపు నుంచే కాబట్టి ఆయన క్రీకే. ఇంగ్లీషు చదువుకున్న ఆయన తన వారి ఫిర్యాదులను ఉత్తరాల్లో రాసేవాడు. 1790లో పెద్దలను వెంటబెట్టుకుని అప్పటి రాజధాని న్యూయార్క్ వెళ్లాడు. ఆగస్టు 7న ఒప్పందం కుదిరింది.

క్రీకులు ఓగీచీ, ఒకోనీ నదుల మధ్య భూమిని వదులుకున్నారు. బదులుగా, తమ నేలలో చొరబడి స్థిరపడేవారిని శిక్షించే హక్కు పొందారు. క్రీకుల గ్రామాల్లో నేరం చేసిన తెల్లవారికి, తోటి తెల్లవారిపై చేసినట్టే శిక్ష పడాలి. మరో నిబంధన ఇంకా కష్టమైనది. హతుడి వంశంవారే న్యాయం తీర్చుకోవడం క్రీకుల ఆచారం. ఇకపై ముందు ప్రభుత్వాన్ని న్యాయం అడగాలి, అది నిరాకరిస్తేనే ప్రతీకారం. పెద్దలు దానికీ ఒప్పుకున్నారు.

కానీ మూలవాసిని చంపిన తెల్లవాడిని దోషి అనడానికి సరిహద్దు జిల్లాల జ్యూరీలకు మనసొప్పేది కాదు. 1794లో ఎలైజా క్లార్క్ మనుషులతో ఒకోనీ దాటి క్రీకుల నేలపై కోటలు కట్టాడు. సైనికులు వాటిని ఖాళీ చేయించారు గానీ, క్లార్క్‌కు శిక్ష పడలేదు. 1814లో యుద్ధం ముగిశాక క్రీకులు రెండు కోట్ల ఎకరాలకు పైగా కోల్పోయారు. అమెరికా పక్షాన పోరాడిన క్రీకుల భూమి కూడా అందులో పోయింది. 1836లో సైన్యం వేలమందిని నేటి ఓక్లహోమాకు తరలించింది.

అక్కడ ఒప్పందాలతో ఇచ్చిన హద్దులను అమెరికా కాంగ్రెస్ ఎన్నడూ రద్దు చేయలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. పాత కాగితాలే ఆ తీర్పుకు ఆధారమయ్యాయి.

ఈ పాఠం చెప్పాక తరగతిలోనైనా, ఇంట్లోనైనా పిల్లలను రెండు ప్రశ్నలు అడుగుదాం. ఈ హక్కు ఎవరికి రాశారు? మాట తప్పితే వాళ్లు ఎవరి గడప తొక్కాలి? రెండో ప్రశ్నకు జవాబు వెతికితేనే క్రీకుల కథ అర్థమవుతుంది.