‘మళ్ళీ 82’: ఇటలీ ఫుట్‌బాల్ అభిమానుల పోలికలో ఉపమ, అనుమానం

ఉపోద్ఘాతం

ఒక ఫుట్‌బాల్ జట్టు పెద్ద పోటీలో మొదటి రెండు మూడు ఆటలు పేలవంగా ఆడినప్పుడు, ఆ జట్టు అభిమానుల నోట ఒక పోలిక వినిపిస్తుంది. “ఫలానా ఏడు కూడా ఇలాగే మొదలైంది, చివరికి కప్పు మనదే అయింది” అన్నది దాని సారాంశం. పోర్చుగల్ అభిమానికి ఆ ఏడు 2016. గ్రీసు అభిమానికి 2004. ఇంగ్లండ్‌లోని చిన్న క్లబ్బుల వారికి, ఎవరూ ఊహించని విధంగా లెస్టర్ సిటీ లీగ్ విజేతగా నిలిచిన 2015-16. ఇటలీ అభిమానికి మాత్రం అది 1982. అప్పటి నుంచి ఇటలీ జట్టు తడబడిన ప్రతిసారీ ఆ సంవత్సరం ప్రస్తావనకు రావడం పరిపాటి అయింది.

ఈ పోలికను క్రీడావిశ్లేషకులు సాధారణంగా భావోద్వేగంగా భావించి పక్కన పెడతారు. అయితే ఇది ముందుగా ఒక ఉక్తి. దానికి నిర్మాణం ఉంది, ప్రయోజనం ఉంది. ఉపమేయ, ఉపమాన, సమానధర్మ, ఉపమావాచకాల విభజన తెలిసిన అలంకారశాస్త్ర విద్యార్థికీ, వ్యాప్తి, హేత్వాభాసల చర్చ తెలిసిన తర్కశాస్త్ర విద్యార్థికీ ఇది పరిచితమైన సామగ్రే. అభిమాని మాట ఉపమగా ఎంత సమర్థమో, న్యాయశాస్త్రం చెప్పే అనుమానప్రమాణంగా అంత బలహీనమని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ రెండింటినీ ఒకటిగా భావించినప్పుడు జట్టుకు జరిగే నష్టం కూడా ఇక్కడ పరిశీలనీయమే.

ఉపమానం ఏర్పడిన తీరు

1982 ప్రపంచకప్ స్పెయిన్‌లో జరిగింది. ఇటలీ తన మొదటి మూడు ఆటలను వీగో నగరంలో ఆడింది. పోలండ్‌తో 0-0, పెరూతో 1-1, కామెరూన్‌తో 1-1. ఒక్క విజయం కూడా లేకుండా తరువాతి దశకు చేరింది. కోచ్ ఎంజో బేర్జోట్ మీద స్వదేశంలో పత్రికలు తీవ్రంగా విరుచుకుపడ్డాయి. ఆ ఏడాది ఇటలీ లీగ్‌లో అత్యధిక గోల్స్ చేసిన రొబెర్టో ప్రుజ్జోను పక్కన పెట్టి, పందేల కుంభకోణంలో రెండేళ్ల నిషేధం ముగించుకుని అప్పుడే మైదానానికి తిరిగివచ్చిన పావ్లో రోసీని అతడు ఎంచుకున్నాడు. మూడు ఆటల్లోనూ రోసీ గోల్ చేయలేదు. పత్రికల తీరుకు నొచ్చుకున్న ఆటగాళ్లు విలేకరులతో మాట్లాడడం మానేశారు. జట్టు పక్షాన నలభై ఏళ్ల గోల్‌కీపర్, నాయకుడు దీనో జోఫ్ ఒక్కడే మాట్లాడేవాడు. స్వభావరీత్యా మితభాషి అయిన మనిషికి ఆ బాధ్యత దక్కడం ఒక విచిత్రం.

తరువాత జరిగినది ఫుట్‌బాల్ చరిత్రలో భాగం. రెండవ దశలో ఇటలీ అర్జెంటీనాను 2-1తో ఓడించింది. జూలై 5న బార్సిలోనాలోని సర్రియా మైదానంలో, డ్రా అయినా ముందుకు వెళ్లగలిగిన బ్రెజిల్‌ను 3-2తో ఇంటికి పంపింది. ఆ మూడు గోల్స్ రోసీవే. సెమీఫైనల్లో పోలండ్ మీద రెండు గోల్స్, మాడ్రిడ్‌లో జరిగిన ఫైనల్లో పశ్చిమ జర్మనీ మీద మొదటి గోల్ కూడా అతడివే. ఫైనల్ 3-1. రోసీ ఆరు గోల్స్‌తో ఆ పోటీలో అగ్రస్థానంలో నిలిచాడు. 1938 తరువాత నలభై నాలుగేళ్లకు ఇటలీ మళ్ళీ విశ్వవిజేత అయింది.

ధర్మలోపమే బలం

“మళ్ళీ 82” అన్న మాటను పూర్ణోపమగా విస్తరిస్తే ఇలా ఉంటుంది: “ఈ జట్టు 1982 జట్టు వలె పేలవంగా మొదలైంది.” అభిమాని ఇంత చెప్పడు. సమానధర్మాన్ని లోపింపజేస్తాడు, చాలాసార్లు వాచకాన్ని కూడా. మిగిలేది ఒక సంవత్సరసంఖ్య. లాక్షణికులు చెప్పిన లుప్తోపమకు ఇంతకంటే సంక్షిప్తమైన నిత్యజీవిత ఉదాహరణ దొరకడం కష్టం.

కావ్యంలో లుప్తోపమ సహృదయుడి ఊహకు పని పెడుతుంది. ఇక్కడ కూడా అదే జరుగుతుంది, కాని ఖాళీని ఎవరు ఎలా పూరిస్తారన్నది సందర్భాన్ని బట్టి మారుతుంది. 1994లో అమెరికాలో ఇటలీ మొదటి ఆటలో ఐర్లండ్ చేతిలో 0-1తో ఓడి, నార్వేను 1-0తో గెలిచి, మెక్సికోతో 1-1గా ముగించి, మూడవ స్థానంతో అతికష్టం మీద ముందుకు వెళ్లింది. అప్పటి సమానధర్మం ‘తడబాటు’. దానికి తోడు, మొదటి దశలో గోల్ చేయని రొబెర్టో బాజ్జో తరువాతి మూడు ఆటల్లో ఐదు గోల్స్ సాధించడంతో ‘ఆలస్యంగా మేల్కొన్న గోల్‌వీరుడు’ అన్న రెండవ ధర్మం కూడా చేరింది. 2006లో ఆరంభం పేలవమైనదేమీ కాదు. ఘనాను, చెక్ రిపబ్లిక్‌ను 2-0తో గెలిచి, మధ్యలో అమెరికాతో 1-1గా ముగించింది. అయినా 1982 గుర్తుకు వచ్చింది. ఆ వేసవిలో రెఫరీల నియామకాలకు సంబంధించిన పెద్ద కుంభకోణం ఇటలీ లీగ్‌ను కుదిపేసింది కాబట్టి అక్కడ సమానధర్మం ‘అపకీర్తి’. ఉపమానం ఒకటే, ధర్మం వేరు. ధర్మం పైకి చెప్పని కారణంగానే ఈ పోలిక ఏ కష్టానికైనా అతుకుతుంది.

ఉపమగా దీని ప్రయోజనం స్పష్టం. ఓటమి అంచున ఉన్న సమూహానికి అది ఒక కథను ఇస్తుంది. ఆ కథలో ప్రస్తుత క్షణం ముగింపు కాదు, మధ్యభాగం. ఇంత పని చేసే మాటను నిజమా అబద్ధమా అని విచారించడం అనౌచిత్యమే. ముఖాన్ని చంద్రుడితో పోల్చినవాడిని ఖగోళశాస్త్రం అడగరు.

కాలిన ఇనుపగుండు

చిక్కు ఎక్కడ వస్తుందంటే, అదే మాట “కనుక ఈసారి కూడా గెలుస్తాం” అనే నిగమనానికి హేతువుగా మారినప్పుడు. అప్పుడది తర్కశాస్త్ర పరీక్షకు లోబడుతుంది. పేలవమైన ఆరంభం హేతువు, విజయం సాధ్యం, 1982 దృష్టాంతం. మరి ఈ రెండింటికీ వ్యాప్తి ఉందా?

లేదనడానికి మొదటి సాక్ష్యం 1982లోనే, ఇటలీ ఉన్న గ్రూపులోనే ఉంది. కామెరూన్ కూడా మూడు ఆటలనూ డ్రా చేసింది. పెరూతో 0-0, పోలండ్‌తో 0-0, ఇటలీతో 1-1. పాయింట్లు సమానం, గోల్స్ తేడా సమానం. ఇటలీ రెండు గోల్స్ చేసింది, కామెరూన్ ఒకటి. ఆ ఒక్క గోల్ తేడాతో ఇటలీ బార్సిలోనాకు, కామెరూన్ స్వదేశానికి వెళ్లాయి. 1994లోనూ అంతే. ఇటలీ గ్రూపులోని నాలుగు జట్లకూ నాలుగేసి పాయింట్లు, నాలుగింటికీ గోల్స్ తేడా సున్నా. వాటిలో నార్వే అట్టడుగున నిలిచి వెనుదిరిగింది. నార్వే తడబాటును తలచుకునే అభిమాని ఇటలీలో ఉండడు కదా.

అన్నింటికంటే చెప్పుకోదగినది 2010 దక్షిణాఫ్రికా పోటీ. పరాగ్వేతో 1-1, న్యూజిలాండ్‌తో 1-1గా ముగించిన ఇటలీకి సహజంగానే 1982 ఆసరా అయింది. మూడవ ఆటలో స్లొవేకియా చేతిలో 2-3తో ఓడి, రెండే పాయింట్లతో గ్రూపులో ఆఖరి స్థానంలో నిలిచింది. అదే గ్రూపులో న్యూజిలాండ్ ఫలితాలు చూడాలి: 1-1, 1-1, 0-0. క్రమం మార్చితే ఇవి 1982 ఇటలీ ఫలితాలే, గోల్స్ లెక్కతో సహా. ఆ పోటీలో ఒక్క ఆట కూడా ఓడని జట్టు న్యూజిలాండ్ ఒక్కటే. అదీ మొదటి దశలోనే నిష్క్రమించింది. అంటే 2010లో 1982 ఇటలీకి అక్షరాలా సాటివచ్చిన జట్టు ఇటలీ కాదు, న్యూజిలాండ్. ఆ పోలిక ఇటలీలో ఎవరికీ అక్కరకు రాదు.

హేతువు సాధ్యం లేనిచోట కూడా కనిపిస్తే దానిని సవ్యభిచారం అంటారు. ఈ చర్చకు తర్కగ్రంథాలలో స్థిరపడిన ఉదాహరణ కాలిన ఇనుపగుండు. “అక్కడ నిప్పు ఉంది కనుక పొగ ఉంది” అనడం చెల్లదు, ఎందుకంటే ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నా పొగ ఉండదు. నిప్పు నుంచి పొగ రావాలంటే తడికట్టె కావాలి. ఆ తడికట్టెను ‘ఉపాధి’ అంటారు. పొగ ఉన్నచోటల్లా అది ఉంటుంది, నిప్పు ఉన్నచోటల్లా ఉండదు. అభిమాని అనుమానంలో తడబాటు నిప్పు వంటిది, విజయం పొగ వంటిది. తడికట్టె ఏమిటన్నదే అసలు ప్రశ్న.

1982 విషయంలో దానికి సమాధానం నాలుగేళ్ల వెనుక దొరుకుతుంది. 1978లో అర్జెంటీనాలో బేర్జోట్ నాయకత్వంలోనే ఇటలీ నాలుగవ స్థానం పొందింది. మొదటి దశలో, చివరకు విజేత అయిన ఆతిథ్య జట్టును 1-0తో ఓడించింది కూడా. జోఫ్, జెంటీలే, కబ్రీనీ, షిరేయా, తర్దెల్లీ, రోసీ అప్పటికే ఆ జట్టులో ఉన్నారు. 1982 నాటికి ఈ ఆరుగురూ యువెంటస్ క్లబ్బులో సహచరులు. మారడోనాను, జీకోను నీడలా వెంటాడిన జెంటీలే కాపలా, వెనుక షిరేయా సర్దుబాటు వీగోలో హఠాత్తుగా పుట్టినవి కావు. పోటీ నిర్మాణం కూడా తోడ్పడింది. రెండవ దశ మూడేసి జట్ల కొత్త గ్రూపులతో మళ్ళీ మొదటినుంచి మొదలైంది, పాత లెక్కలు వెంట రాలేదు. చూసేవారికి 1982 ఆశ్చర్యమే, కాని దాని వెనుక సిద్ధత తక్కువేమీ కాదు.

పేరు ఒకటే కావడం

ఉపమేయమూ ఉపమానమూ ఒకే వస్తువైతే అది అనన్వయాలంకారం. ఇటలీని ఇటలీతో పోల్చడం పైకి అనన్వయంలాగే కనిపిస్తుంది. నీలం చొక్కా అదే, జాతీయగీతం అదే. అనన్వయం తాత్పర్యం ఆ వస్తువుకు సాటి లేదని చెప్పడం. ఇక్కడ మాత్రం పేరు ఒకటి కావడమే సామ్యానికి రుజువైపోతుంది, మధ్యలో గడిచిన ఇరవై ఎనిమిదేళ్లు కనబడకుండా పోతాయి.

2010లో ఈ భ్రమ అభిమానులకే పరిమితం కాలేదు. 2006 విజేత జట్టు కోచ్ మార్చెల్లో లిప్పీ తిరిగివచ్చి, నాటి ఆటగాళ్లలో తొమ్మిది మందిని మళ్ళీ తీసుకువెళ్లాడు. జట్టు ఎంపికే ఒక పోలిక అయింది. గోల్‌కీపర్ బుఫోన్ మొదటి ఆటలోనే గాయపడడం, పీర్లో మూడవ ఆట రెండవ సగం వరకు దిగలేకపోవడం దురదృష్టాలే, వాటిని తక్కువ చేయనవసరం లేదు. నాలుగేళ్ల వయసు పైబడిన జట్టుకు మారుమనుషులు సిద్ధంగా లేకపోవడం మాత్రం దురదృష్టం కాదు.

1982 కథలో ఇంకొక పాత్ర ఉంది. అది తప్పని తేలిన విమర్శకుడిది. రోసీని దింపమన్న పత్రికలు, బేర్జోట్‌ను తప్పుపట్టిన వ్యాఖ్యాతలు ఆ కథలో ప్రతినాయకులు. అందుచేత “82ను మరచిపోవద్దు” అనే మాటలో ఆశతోపాటు ఒక మందలింపు కూడా ఉంటుంది: అప్పుడు సందేహించినవారు ఏమయ్యారో తెలుసు కదా అని. జట్టు కూర్పును గురించి అడగవలసిన ప్రశ్న ద్రోహంగా ధ్వనించేది ఇక్కడే. ఈ పోలికకు అసలైన మూల్యం ఇదే అనిపిస్తుంది. 2018, 2022 ప్రపంచకప్‌లకు ఇటలీ అర్హతే పొందలేదు. స్వీడన్ చేతిలో, ఉత్తర మాసిడోనియా చేతిలో ఆగిపోయింది. పోటీలోకే వెళ్లని జట్టుకు ‘పేలవమైన ఆరంభం’ అన్న సమానధర్మం కూడా మిగలదు.

జకార్తా, 1962

ఈ చర్చ తెలుగునేలకు మరీ దూరమైనది కాదు. భారత ఫుట్‌బాల్ అభిమానులకూ ఇటువంటి సంవత్సరం ఒకటి ఉంది, దాని వెనుక హైదరాబాదు ఉంది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో భారతజట్టు మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. తరువాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచి, ఫైనల్లో అదే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం సాధించింది. కోచ్ హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. మరుసటి ఏడాదే ఆయన క్యాన్సర్‌తో మరణించారు. ఆయన పాత్రతో 2024లో వచ్చిన హిందీ చిత్రం ‘మైదాన్’ ఆ పేరును కొత్త తరానికి చేర్చింది. అప్పటి నుంచి “62లో కూడా మొదటి ఆట ఓడాం” అనడం మరింత సులువైంది.

ఆ మాటలో తడికట్టెను వెతికితే 1950కి వెళ్లాలి. రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆ ఏడాది మొదలుకొని 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో భారత్ స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం ఆయన పర్యవేక్షణలోనే వచ్చాయి. జకార్తాలో థాయిలాండ్‌తో ఆటలో రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతడిని వెనుక వరుస నుంచి తీసి ముందువరుసలో నిలిపారు. సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ అతడు గోల్ చేశాడు.