చేతికి వచ్చిన విద్య

ఉత్తరకుమారుడి కథ చెప్పినప్పుడల్లా క్లాసులో పిల్లలు నవ్వుతారు. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు కోతలు కోసి, తీరా కౌరవసేన కంటబడేసరికి రథం దిగి పరుగు లంకించుకున్న ఆ రాకుమారుణ్ణి తలుచుకుని నేనూ చాలా ఏళ్ళు నవ్వాను. ఒక సాయంకాలం విశాఖపట్నం రామకృష్ణా బీచిలో నా నవ్వు కాస్తా ఆగిపోయింది.

కొన్నేళ్ళ కిందటి మాట. అలల్లోకి దిగిన ఒక కుర్రాణ్ణి నలుగురు కలిసి ఇసుకమీదికి లాక్కొచ్చారు. ఊపిరి ఆడడం లేదు. జనం మూగారు. ఒకరు తలకిందులుగా ఎత్తమన్నారు. ఒకరు పొట్ట నొక్కి నీళ్ళు కక్కించమన్నారు. ఆ రెండూ తప్పని నాకు తెలుసు. గుండెమీద ఎక్కడ నొక్కాలో, నిమిషానికి ఎన్నిసార్లో కూడా తెలుసు. మా కాలేజీ సంచికకు ప్రథమ చికిత్స మీద వ్యాసం రాసిన ఘనుణ్ణి! అయినా అడుగు ముందుకు పడలేదు. నొక్కితే ఎముక విరుగుతుందేమో, వాడు పోతే పాపం నా నెత్తిన పడుతుందేమో అని నిలుచున్నచోటే నిలుచుండిపోయాను.

ఇంతలో ఒకాయన జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. పోర్టులో పనిచేసే మనిషి. కుర్రాడి పక్కన మోకాళ్ళమీద కూర్చుని, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాడు. తరవాత పైకి లెక్కపెడుతూ రొమ్ము మధ్య నొక్కడం మొదలుపెట్టాడు. "మాస్టారూ, మీరు 108కి ఫోను చెయ్యండి" అని నాకూ ఒక పని పురమాయించాడు. కాసేపటికి కుర్రాడు దగ్గాడు. అంబులెన్సు వచ్చి తీసుకుపోయింది. బతికాడు.

"మీకు భయం వెయ్యలేదా?" అని అడిగాను ఆయన్ని.

"ఎందుకెయ్యదండీ? కాని మాకు బొమ్మమీద నేర్పేరు కదండీ. చేతులకి అలవాటైపోనాది" అన్నాడు.

ఆ మాట నన్ను వదలలేదు. ఇది రేవు ఊరు, ఉక్కు ఊరు. 1933లో ఓడలకు రేవు తెరిచిన నాటినుంచీ ఇక్కడి బతుకు క్రేన్లతోను, కొలుములతోను ముడిపడి ఉంది. ప్రతి 150 మంది పనివాళ్ళకు ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలనీ, అది తరిఫీదు పొంది సర్టిఫికెట్ పుచ్చుకున్న మనిషి చేతిలోనే ఉండాలనీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం శాసించింది. పెట్టె ఒక్కటీ చాలదని ఆనాడే గ్రహించారన్నమాట. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురాన్ని కమ్మినప్పుడు, మనుషులు వీధుల్లో స్పృహ తప్పి పడిపోయారు. పన్నెండు మంది ప్రాణాలు పోయాయి. అటువంటి చోట, ముందు తాను పడిపోకుండా చూసుకోవడమే ప్రథమ చికిత్సలో మొదటి పాఠం. అది కూడా అభ్యాసం లేనిదే ఆ గాభరాలో గుర్తుకు రాదు.

నేనూ రెండు రోజుల తరిఫీదులో చేరాను. అక్కడ నేలమీద ఒక బొమ్మ పడుకుని ఉంది. దాని పుట్టుక చిత్రమైనది. 1960లో నార్వే దేశపు బొమ్మల తయారీదారు ఆస్మండ్ లేర్డాల్ ఇటువంటి బొమ్మ చేసి, పారిస్‌లోని సీన్ నదిలో మునిగి చనిపోయిందని చెప్పుకునే ఒక అజ్ఞాత యువతి ముఖాన్ని దానికి పెట్టాడు. నాటినుంచి లోకం నలుమూలలా ఎందరో ఆమెను బతికించడం నేర్చుకుంటున్నారు!

నా మొదటి నొక్కుళ్ళు చూసి నేర్పే నర్సమ్మ, "మాస్టారూ, జోకొడుతున్నారా?" అంది. రెండు అంగుళాల లోతుకు దిగాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ముప్ఫై నొక్కుళ్ళకు రెండు ఊపిరులు. రెండో నిమిషానికి చెమటలు కమ్మాయి. ఇద్దరు మార్చుకుంటూ చెయ్యమని ఎందుకు అంటారో నా భుజాలకు తెలిసింది. "ఎముక విరిగితే?" అని నా పాత భయం బయటపెట్టాను. "విరిగిన పక్కటెముక అతుక్కుంటుంది. ఆగిన గుండెను అలాగే వదిలేస్తే మనిషే దక్కడు" అంది. పోలీసుల గొడవ ఉంటుందేమోనని మరొకరు అడిగారు. రోడ్డు ప్రమాదంలో మంచి మనసుతో సాయపడినవాణ్ణి కేసులనుంచి కాపాడే సెక్షను 2019లో మోటారు వాహనాల చట్టంలో చేరిందని చెప్పింది.

ఈ విద్యకు తుప్పు పట్టే గుణం ఉంది. కొన్ని నెలలు ముట్టుకోకపోతే చెయ్యి మరిచిపోతుంది. అందుకని మళ్ళీ మళ్ళీ వెళ్ళి బొమ్మ ముందు కూర్చోవాలి. రెడ్ క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్సు వంటి సంస్థలు నేర్పుతున్నాయి. పాఠకులు ఒక్క రెండు రోజులు కేటాయించుకుంటే చాలు.

ఆ మధ్య మా కాలేజీ వరండాలో కిటికీ అద్దం పగిలి అటెండరు మణికట్టు తెగింది. రక్తం ధారగా కారుతోంది. ఎవరో కాఫీపొడికి పరుగెత్తారు. నేను శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గాయంమీద అదిమి పట్టుకున్నాను. ఆస్పత్రి చేరేదాకా అలాగే కూర్చున్నాను.

దారిలో అతనే నావైపు జాలిగా చూసి, "మీ చేతులు వణుకుతున్నాయి సార్" అన్నాడు.

నిజమే, వణుకుతున్నాయి. కాని గుడ్డమీంచి తియ్యలేదు.