వింజమూరుకి 24 బైట్లు

ఏందబ్బయ్యా, 'వ' రాయమంటే తెరమీద ప్రశ్నార్థకం వచ్చిందా? కంప్యూటరు బానే ఉందిలే. నువ్వు సి ప్రోగ్రాంలో 'వ'ని ఒంటి కోట్సులో పెట్టి పుట్‌చార్ ఫంక్షన్‌కి ఇచ్చావు. దానికి చేతనైంది ఒక్క బైటు బయటికి పంపడమే.

డెన్నిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో సి భాష తయారు చేసిన 1972 నాటికి వాళ్ల ఇంగ్లీషు అక్షరాలన్నీ ఒక్కో బైటులో ఇమిడిపోయేవి. మన తెలుగుకి యూనికోడ్‌లో చోటు దొరికింది 1991లో. మరుసటేడు కెన్ థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలో ఒక హోటల్లో కూర్చుని, పళ్లెం కింద పరిచే కాగితం మీద యూటీఎఫ్-8 గీశారు. దాని లెక్కలో తెలుగు గుర్తు ఏదైనా మూడు బైట్లు. 'వ' అంటే ఈ0, బీ0, బీ5. కంపైలర్ జీసీసీ హెచ్చరించింది, నువ్వు చదవలా. పుట్‌చార్ చివరి బీ5 ఒక్కటీ పంపింది. ముందు రెండూ లేని ఆ బైటుతో తెర ఏం చేసుకుంటుంది?

మన ఊరి పేరు వింజమూరుని లెక్కపెట్టు: వ, గుడి, సున్న, జ, మ, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. కంటికి నాలుగక్షరాలు, యూనికోడ్‌కి ఎనిమిది గుర్తులు, సికి 24 బైట్లు. బైట్లు లెక్కపెట్టే స్ట్రెలెన్‌ని అడిగినా 24 అనే అంటుంది.

అందుకే పేరు మొత్తం డబుల్ కోట్సులో పెట్టి పుట్స్ చేతికివ్వు. సున్నా బైటు తగిలేదాకా పంపుకుంటూ పోయి, ఆఖర్న కొత్త లైను కూడా తనే వేస్తుంది. ఎఫ్‌పుట్స్ వేయదు, పైగా ఏ స్ట్రీములోకో దానికి చెప్పాలి. ఈ తేడా నాకెప్పుడూ నచ్చలా. పుట్స్‌కి జోడీ అయిన గెట్స్‌ని 2011 ప్రమాణంలో పీకేశారు, పుట్స్ మాత్రం మిగిలింది.

పంపిందల్లా అప్పుడే చేరిపోయిందనుకోబాక. మన సెంటర్లో షేర్ ఆటో సీట్లు నిండందే కదల్దు చూశావా? స్ట్రీము పంపేముందు పోగేసుకునే బఫరూ అంతే. తెరకైతే మామూలుగా కొత్త లైను పడగానే కదుల్తుంది, ఫైలుకైతే నిండాల్సిందే. ఈలోగా ప్రోగ్రాం క్రాషయితే బఫర్లో ఉన్నదంతా పోతుంది. నువ్వేమో ఖాళీ ఫైలు చూసి, పుట్స్ దాకా రానేలేదని లేని తప్పు వెతుక్కుంటావు. నిండకముందే పంపాలంటే ఎఫ్‌ఫ్లష్ పిలవాలి. తప్పుల సమాచారమైతే ఎస్‌టీడీ‌ఎర్‌లోకి రాయి, అది బఫరు నిండేదాకా ఆగదు.

డిస్కు నిండిపోయినా పుట్స్ మామూలుగా బానే రాశానంటుంది, ఎందుకంటే అది రాసింది బఫర్లోకే. అసలు సంగతి ఎఫ్‌క్లోజ్ దగ్గర బయటపడుతుంది. అదిచ్చే జవాబు ఈఓఎఫ్ అయిందేమో చూసుకో, అయితే రాత చేరనట్టే.