వంటింటి పెట్టెలో పిడుగు

పాడైపోయిన మైక్రోవేవ్ ఓవెన్‌ని పాతసామాన్లవాడికి ఇచ్చేస్తాం. కొందరికి మాత్రం అదో నిధి. అందులోని ట్రాన్స్‌ఫార్మర్‌తో ఇంటి వెనక షెడ్డులోనే మెరుపులు పుట్టిస్తారు వాళ్లు. చూడ్డానికి ఎంత అద్భుతమో... చెయ్యడానికి అంత ప్రమాదం ఈ సరదా!

చీకటి షెడ్డు. మధ్యలో నడుమెత్తు గొట్టం. దానికి సందులేకుండా చుట్టిన సన్నటి రాగి తీగ. పైన పెద్ద గారెలా అల్యూమినియం చక్రం. స్విచ్చు వేయగానే చెవులు చిల్లులు పడే చప్పుడు... చక్రం అంచు నుంచి ఊదారంగు మెరుపులు పాముల్లా మెలికలు తిరుగుతూ గాల్లోకి లేస్తాయి. పక్కన పట్టుకున్న ట్యూబ్‌లైటు ఏ తీగా లేకుండానే వెలుగుతుంది!

దీని పేరు టెస్లా కాయిల్. కనిపెట్టింది నికోలా టెస్లా. మనం వాడుకునే ఏసీ కరెంటు ఇంటింటికీ చేరడంలో ఆయన పాత్ర ఎంతో ఉంది. 1856లో ఇప్పటి క్రొయేషియాలోని ఓ పల్లెలో పుట్టి, అమెరికాలో స్థిరపడిన ఆయన 1891లో ఈ పరికరాన్ని తయారుచేశాడు. 1899లో కొలరాడో స్ప్రింగ్స్‌లో సుమారు 15 మీటర్ల వెడల్పున్న కాయిల్‌తో కృత్రిమ పిడుగులు పుట్టించాడు. తీగల్లేకుండా ప్రపంచానికంతా కరెంటు పంపాలన్నది ఆయన కల. అది నెరవేరలేదు కానీ కాయిల్ మాత్రం బతికే ఉంది. తొలితరం రేడియో ట్రాన్స్‌మిటర్లలో ఇలాంటి సర్క్యూట్లే వాడారు. 1931లో వచ్చిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ సినిమా ప్రయోగశాలలో మెరిసింది ఇదే. సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లోని టెస్లా మ్యూజియంలో సందర్శకులకు దీన్ని చూపిస్తారు. అమెరికా, బ్రిటన్‌లాంటి దేశాల్లో సొంతంగా కాయిల్స్ చేసుకునే ఔత్సాహికులు ఒకచోట చేరి ‘టెస్లాథాన్’ పేరుతో మెరుపుల జాతరే చేస్తారు.

ఉయ్యాల ఊపినట్టు...

ఇంతకీ మెరుపు ఎలా పుడుతుంది? ముందుగా ఓ ట్రాన్స్‌ఫార్మర్ ఇంటి కరెంటుని కొన్ని వేల వోల్టులకు పెంచుతుంది. అది కెపాసిటర్‌లోకి చేరుతుంది. తొట్టిలో నీళ్లు నిండినట్టు కెపాసిటర్ నిండుతుంది. పక్కనే కొద్దిపాటి ఖాళీతో ఎదురెదురుగా రెండు లోహపు ముక్కలుంటాయి. అదే స్పార్క్ గ్యాప్. వోల్టేజీ ఓ హద్దు దాటగానే ఆ ఖాళీలో ఠప్పున నిప్పురవ్వ దూకుతుంది. తొట్టికి గండి పడ్డట్టే! కెపాసిటర్‌లోని శక్తంతా పది చుట్లుండే లావుపాటి రాగి గొట్టం గుండా అటూ ఇటూ పరుగెడుతుంది... సెకనుకు లక్ష నుంచి మూడు లక్షల సార్లు.

ఆ గొట్టం మధ్యలో నిలబెట్టి ఉంటుంది రెండో కాయిల్. పీవీసీ పైపు మీద దాదాపు వెయ్యి చుట్లు. ఉయ్యాల ఊపేటప్పుడు దాని ఊపుకి తగ్గట్టు తోస్తే చిన్నపిల్లాడి బలంతోనే అది ఎత్తుకు లేస్తుంది. ఇక్కడా అంతే. రెండు కాయిల్స్ లయ ఒకటైతే, రెండోదాంట్లో వోల్టేజీ లక్షల్లోకి ఎగబాకుతుంది. గాలి ఆపలేదు. మెరుపై బయటికొస్తుంది.

సర్క్యూట్ ఇంత తేలికే. కష్టమంతా మొదటి మెట్టు దగ్గరే. వేల వోల్టులిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కణ్నుంచి తేవాలి?

నియాన్ పోయి ఓవెన్ వచ్చె

ఒకప్పుడు ఈ ప్రశ్నకు సమాధానం దుకాణాల ముందు ఎర్రగా మెరిసే నియాన్ బోర్డులు. వాటి ట్రాన్స్‌ఫార్మర్లు 15,000 వోల్టుల దాకా ఇస్తాయి. కరెంటు మాత్రం 30 లేదా 60 మిల్లీఆంపియర్లే. షార్ట్ అయినా కాలిపోకుండా తట్టుకుంటాయి. కాయిల్‌కి అచ్చంగా అతికినట్టు సరిపోతాయి. అయితే తర్వాత వచ్చిన వాటిలో, ఏ కాస్త లీకేజీ ఉన్నా ఆగిపోయే రక్షణ ఏర్పాటు పెట్టారు. అవి కాయిల్‌కి పనికిరావు. పైగా నియాన్ స్థానంలో ఎల్ఈడీ బోర్డులు రావడంతో పాతవి దొరకడమూ తగ్గింది.

అప్పుడు కన్ను పడింది మైక్రోవేవ్ ఓవెన్ మీద. 1945లో రేథియాన్ కంపెనీ ఇంజినీరు పెర్సీ స్పెన్సర్, రాడార్లలో వాడే మాగ్నెట్రాన్ దగ్గర నిలబడితే జేబులోని చాక్లెట్ కరిగిపోయిందట. అలా పుట్టింది ఈ ఓవెన్. ఆ మాగ్నెట్రాన్ పనిచేయాలంటే నాలుగు వేల వోల్టులు కావాలి. అందుకే ఓవెన్‌లో ఇనుప దిమ్మలాంటి ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అది ఇచ్చేది రెండు వేల వోల్టులు. మిగతాది ఓ కెపాసిటర్, డయోడ్ కలిసి రెట్టింపు చేస్తాయి. తలుపు విరిగో, మాగ్నెట్రాన్ పోయో ఓవెన్ మూలన పడ్డా ట్రాన్స్‌ఫార్మర్ సాధారణంగా బాగానే ఉంటుంది. పాతసామాన్ల కొట్టులో దాని ధర ఇనుము బరువే!

నియాన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో పోలిస్తే వోల్టేజీ తక్కువ. కరెంటు మాత్రం ఎన్నో రెట్లు... అర ఆంపియర్, అంతకన్నా ఎక్కువ కూడా. ఈ తేడాలోనే ఉంది తిరకాసంతా.

మొండిఘటం

గాల్లో ఒక్క మిల్లీమీటరు నిప్పురవ్వ దూకాలంటే సుమారు మూడు వేల వోల్టులు కావాలి. అంటే ఒక్క ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో చెప్పుకోదగ్గ స్పార్క్ గ్యాప్ నడవదు. అందుకని రెండింటినో నాలుగింటినో వరసగా కలుపుతారు. కానీ ఈ ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్‌లో ఒక కొస దాని ఇనుప దిమ్మకే కలిపి ఉంటుంది. లోపలి ఇన్సులేషన్ రెండు వేల వోల్టులకు తగ్గట్టు చేసిందే. ఒకదాని మీద ఒకటి పేర్చినకొద్దీ పైనున్న వాటి ఇనుప దిమ్మలు కూడా వేల వోల్టుల మీద ఉంటాయి. ఇన్సులేషన్ చిట్లిపోతుంది. అలా కాకుండా వాటిని నూనెలో ముంచేవారున్నారు.

రెండో చిక్కు మరీ విచిత్రం. స్పార్క్ గ్యాప్‌లో నిప్పు వెలగడమే కాదు, వెంటనే ఆరిపోవాలి. అప్పుడే కెపాసిటర్ మళ్లీ నిండుతుంది. ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు ఎక్కువ కాబట్టి ఆ నిప్పు ఆరకుండా వెల్డింగ్ మంటలా మండుతూనే ఉంటుంది. అందుకే గ్యాప్‌ని మోటారుతో గిర్రున తిప్పే ఏర్పాటు చేస్తారు. ట్యూబ్‌లైటుకి చోక్ ఉన్నట్టు, కరెంటుని అదుపు చేసే మరో ఏర్పాటూ కావాలి. ఊరికే వచ్చిందనుకున్న ట్రాన్స్‌ఫార్మర్ ఇలా ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూనే ఉంటుంది. అయినా ఈ మొండిఘటాన్ని లొంగదీసుకోవడమే మజా అంటారు అలవాటుపడ్డవాళ్లు. రంగులరాట్నమంత చప్పుడు చేస్తూ మీటరు పొడవు మెరుపు లేచినప్పుడు నెలల శ్రమ మరిచిపోతారు.

మెరుపు కాదు... మృత్యువు వేరే

టెస్లా కాయిల్‌ని చూసి అందరూ భయపడేది పైన ఎగిరే మెరుపుకి. అసలు ప్రమాదం కింద, చప్పుడు లేకుండా కూర్చున్న ఇనుప దిమ్మలో ఉంది.

పైనుండే మెరుపు లక్షల వోల్టులదే. కానీ సెకనుకు లక్షల సార్లు దిశ మార్చుకునే ఆ కరెంటుకి మన నరాలు స్పందించలేవు. అందుకే షాక్ కొట్టినట్టు తెలియదు. అలాగని అది ఒంటిపైనే జారిపోతుందనుకుంటే పొరపాటు. లోపలి కండరాన్నీ కాలుస్తుంది. నొప్పి తెలియకపోవడం రక్షణ కాదు. పైగా ఆ మెరుపు వంగి కింది రాగి గొట్టాన్ని తాకితే, దాని దారి వెంటే ట్రాన్స్‌ఫార్మర్ కరెంటూ ఎక్కిరావచ్చు.

ఆ కరెంటు వేరే జాతి. సెకనుకు 100 సార్లు దిశ మార్చుకునే ఇంటి కరెంటే... రెండు వేల వోల్టులతో. గుండె లయ తప్పడానికి ఆంపియర్‌లో పదో వంతు చాలు. ఇది ఇచ్చేది అర ఆంపియర్ పైమాటే. చేయి తగిలితే రెండో అవకాశం ఉండకపోవచ్చు.

‘ఇంట్లో ఈఎల్‌సీబీ ఉందిగా, ట్రిప్ అవుతుంది’ అనుకుంటారు చాలామంది. అవదు! ఇంటికొచ్చే కరెంటు, తిరిగెళ్లే కరెంటు మధ్య 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తేనే అది ఆపేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కి అవతలి వైపు షాక్ తగిలితే ఇవతల ఆ తేడా కనిపించదు. మనిషి పడిపోయినా సరఫరా ఆగదు.

ఇది ఊహ కాదు. ఇవే ట్రాన్స్‌ఫార్మర్లతో చెక్క మీద చెట్టుకొమ్మల్లాంటి డిజైన్లు కాల్చే సరదా వీడియోల ద్వారా పాకింది. దానివల్ల 30 మందికి పైగా ప్రాణాలు పోయాయని లెక్క. వాళ్లలో చేయి తిరిగిన వడ్రంగులూ ఉన్నారు. అందుకే అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఉడ్‌టర్నర్స్ తన కార్యక్రమాల్లో ఈ పద్ధతిని నిషేధించింది. తన పత్రికల్లో దాని గురించి రాయడానికీ ఒప్పుకోదు. నియాన్ ట్రాన్స్‌ఫార్మర్‌తోనే మొదలుపెట్టమనీ, అదీ అనుభవజ్ఞుల పక్కన నేర్చుకోమనీ, ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ జోలికి వెళ్లొద్దనీ కొత్తవాళ్లకు కాయిల్స్ చేసే పెద్దలు చెప్పేదీ ఇందుకే. తెలిసీ తెలియక దాన్ని ముట్టుకోవడమంటే కొరివితో తల గోక్కోవడమే.

పిల్లలు అడిగితే?

వీడియో చూసి ‘నేనూ చేస్తా’ అనే పిల్లలు ఏ ఇంట్లోనైనా ఉండొచ్చు. ఆ ఉత్సాహం మీద నీళ్లు చల్లక్కర్లేదు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఓ ట్రాన్సిస్టర్, కాస్త రాగి తీగతో చేసే బుల్లి కాయిల్ ఉంది. మీటరు పొడవు మెరుపు రాదు కానీ చిన్న సీఎఫ్ఎల్ బల్బు తీగ లేకుండానే వెలుగుతుంది. సూత్రం అర్థం కావడానికి అది చాలు. అదీ పెద్దవాళ్ల ముందే చేయించాలి.

ఇక మూలన పడ్డ ఓవెన్ సంగతి. ప్లగ్గు తీసేసినా దాని కెపాసిటర్‌లో వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు. దాన్ని ఖాళీ చేయడానికి లోపల రెసిస్టర్ ఉంటుంది కానీ అదీ పాడైపోవచ్చు. కాబట్టి ‘కరెంటు లేదుగా’ అని స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు. పిల్లల్ని పట్టనివ్వొద్దు. రిపేరైతే తెలిసిన మెకానిక్‌కి, పనికిరాదనుకుంటే ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వడమే క్షేమం.