‘ఎఫ్యూజన్’ పదం – అర్థాలు, ప్రయోగాలు

పదానికి అర్థం నిఘంటువులో లభిస్తుంది. దాని స్వభావం మాత్రం ప్రయోగంలోనే బోధపడుతుంది. ఆంగ్లంలోని ‘ఎఫ్యూజన్’ ఇందుకు చక్కని నిదర్శనం. లాటిన్‌లో ‘ఫుండెరె’ అంటే పోయడం. ‘వెలుపలికి’ అనే అర్థాన్నిచ్చే ఉపసర్గ దానికి చేరగా ఈ పదం ఏర్పడింది. డిఫ్యూజన్, ట్రాన్స్‌ఫ్యూజన్ దీని తోబుట్టువులే.

భౌతిక, రసాయన శాస్త్రాలలో ఇది సన్నని రంధ్రం గుండా వాయువు వెలువడటం. తెలుగు పాఠ్యగ్రంథాలు దీనిని ‘నిస్సరణం’ అన్నాయి. గ్రాహం నియమం ప్రకారం, ఒకే పరిస్థితులలో హైడ్రోజన్ ఆక్సిజన్ కంటే 4 రెట్లు వేగంగా నిస్సరిస్తుంది. భూగర్భ శాస్త్రంలో ఇదే పదం లావా ప్రేలుడు లేకుండా పొంగి పరచుకోవడాన్ని తెలుపుతుంది. రాజమండ్రి చెంత కాతేరులోనూ, గోదావరికి ఆవల పంగిడిలోనూ కనిపించే నల్లరాతి పొరలు సుమారు 6.5 కోట్ల సంవత్సరాల నాటి అట్టి ప్రవాహాల ఆనవాళ్ళే.

వైద్యంలో అర్థం మరింత గంభీరం. ‘ప్లూరల్ ఎఫ్యూజన్’ అంటే ఊపిరితిత్తులను కప్పిన రెండు పొరల నడుమ ద్రవం మితిమీరి చేరడం. మన దేశంలో దీనికి క్షయ ఒక ముఖ్య కారణం. వైద్యుని నివేదికలో ఈ మాట చూచి, నిఘంటువులోని ‘భావోద్రేకం’ అనే అర్థాన్ని ఇంటివారికి చెప్పే విద్యార్థి వారిని తప్పుదారి పట్టించినవాడవుతాడు. ‘ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరింది’ అన్నప్పుడే విషయం తెలుస్తుంది. చికిత్స ఆలస్యం కాదు.

సాహిత్యంలో ఇది హృదయం నుండి అప్రయత్నంగా వెలువడే భావధార. కోల్‌రిడ్జ్ 1796 నాటి సంపుటిలో 36 కవితలకు ఈ పేరే పెట్టాడు. జేమ్స్ హాగ్ మరణించినప్పుడు, 1835లో, వర్డ్స్‌వర్త్ వ్రాసిన స్మృతికవిత శీర్షికలోనూ ఈ పదమే ఉన్నది. అయితే దీని విశేషణమైన ‘ఎఫ్యూసివ్’ను మనుషుల మాటతీరుకు వాడితే అతిశయమనే ఆక్షేపణ తరచుగా ధ్వనిస్తుంది. గురువును మెచ్చుకొంటూ వ్రాసే లేఖలో అది పొరపాటున చేరితే మెప్పు కాస్తా ఎత్తిపొడుపవుతుంది.

తెలుగులో ‘ఉద్గారం’ కథ ఇటువంటిదే. సంస్కృతంలో దానికి త్రేనుపు అనీ అర్థం. విమర్శకులు ‘భావోద్గారం’ అన్నారు. నేటి పత్రికలు ‘కర్బన ఉద్గారాలు’ అంటున్నాయి. ఉర్దూలో ఉత్సాహమనే అర్థంలో వాడే ‘జోష్’కు పారసీ మూలంలో మరగడమని అర్థం. మన ‘పొంగు’ పాలకూ, గోదావరికీ, మనసుకూ ఒక్కటే.

కనుక విద్యార్థులారా, పదం ఎదురైనప్పుడు దాని అర్థమేమిటని మాత్రమే కాక, ఏ శాస్త్రంలో, ఎవరి నోట, ఏ సందర్భంలో అని కూడా ప్రశ్నించండి. నిఘంటువు అర్థాలను వరుసగా చూపుతుంది. వాటిలో తగినదానిని ఎన్నుకొనవలసినది పాఠకుని వివేకమే.